వేలికి అంటని పొడి

మధ్యాహ్నం రెండూ ముప్పై ఐదుకు మూడు గాజు గిన్నెల్నీ చీకటి డబ్బాలో పెట్టి మూత వేశాను. చీకటి డబ్బా అంటే గొప్ప పరికరమేమీ కాదు, లోపల నల్లకాగితం అంటించిన పాత బిస్కెట్ల డబ్బా. గంటసేపు అందులో ఉండాలి. మొదటి గిన్నెలో కురుమూర్తి తెచ్చిన వేరుశనగ మొక్క ఆకు, రెండో దాంట్లో మా పరిశోధన క్షేత్రంలోని మామూలు రకం ఆకు, మూడో దాంట్లో మళ్లీ కురుమూర్తి మొక్క ఆకే, కాకపోతే ఒక మందు కలిపిన నీళ్లలో. మూడింటి మీదా మొన్న పొద్దున నేనే కుంచెతో తుప్పు తెగులు పొడి పూశాను. గిన్నెల్లో ఉన్నవి లేత పసుపు రంగు నీళ్లు. మొదటి ఆకు మీద మచ్చ ఉన్నచోటల్లా ఆ పసుపు నీలంగా మారితే ఆ మచ్చ తెగులు పెట్టింది కాదు, మొక్క తనకు తాను పెట్టుకున్నది. అంటే తొంభై మూడులో నేను రిజిస్టర్లో వేసిన అంకె తప్పు. ఆ అంకె తప్పయితే కురుమూర్తి మీద రాసిన కాగితం నిలబడదు. పదేళ్లకు పైగా పనిచేసిన రోజుకూలీలను, మధ్యలో ఆగిపోయినవాళ్లతో సహా, పర్మినెంటు చేసే జాబితా ఈరోజు నాలుగు గంటల బస్సులో మహబూబ్‌నగర్ పోతుంది. అందులో కురుమూర్తి పేరు పక్కన ఎర్ర పెన్సిలుతో ‘విత్తన చౌర్యం’ అని రాసి ఉంది. దాన్ని కొట్టేయించే ఉత్తరం నేనొక్కదాన్నే రాయగలను. నీలం వస్తే రాస్తానని అతనికి చెప్పాను. చదువుకున్నదాన్ని కదా, రుజువు లేకుండా ఏదీ రాయకూడదు.

కరెంటు లేదు. ఫ్యాను రెక్క ఒకటి కిటికీ వైపు చూపిస్తూ ఆగిపోయింది. నాగర్‌కర్నూలు రోడ్డు మీద లారీ ఏదో పోయింది, బల్ల మీది సీసాలు కాసేపు ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేశాయి. కిటికీ కింద వరండాలో కురుమూర్తి దగ్గుతున్నాడు. బెంచీ ఉంది, కూర్చోడు. గోడకు ఆనుకుని నేల మీద, ముందర మట్టి మోసే తన గమేళా పెట్టుకుని కూర్చున్నాడు. ఐదు రోజుల కింద శ్రీరంగాపూర్ దగ్గరి తన ఊరి నుంచి ఆ ఇనుప గమేళాలో మట్టితో సహా రెండు పల్లిచెట్లు ఎత్తుకొచ్చాడు. రెండు బస్సులు మారి, ఒళ్లో పెట్టుకుని. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడట. ఒక చెట్టు నేను లోపలికి తెచ్చుకున్నాను, రెండోది ఇంకా అతని దగ్గరే ఉంది. ఈరోజు పొద్దున వచ్చి అడిగాడు. “అమ్మా, చెట్టైతె గిట్లనే ఉంటది. అండ్ల ఏం కనిపెడ్తరు?” రంగు రావాలె కురుమూర్తీ, గంట పడ్తది అన్నాను. “గంటేంది, పొద్దుమీకెదాంక కూసుంట.” అతనికి నాకంటే పదిహేనేళ్లు ఎక్కువ. నేను నువ్వు అంటాను, అతను మీరు అంటాడు, ఈ క్షేత్రంలో అందరికీ అదే అలవాటు.

గిన్నెల్లోని పసుపు మందు హైదరాబాదు నుంచి స్నేహితురాలు పంపింది. చిటికెడు. చిన్న సీసాలో పోసి, మంచుముక్కలున్న టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆర్టీసీ డ్రైవరు చేతికిచ్చింది. ఆకులోకి ఆ నీళ్లు ఎక్కాలంటే గాలి బయటికి లాగే యంత్రం కావాలి, అది మా దగ్గర లేదు. పశువుల దవాఖాన నుంచి ఎద్దులకు వాడే లావు సిరంజి తెచ్చాను. ఆకును దాంట్లో వేసి, సిరంజి ముక్కు వేలితో మూసి, వెనక్కి లాగితే ఆకులోంచి సన్నని బుడగలు వస్తాయి. వదిలితే ఆకు నీళ్లు తాగుతుంది, ముదురు పచ్చగా తడిసిపోతుంది. ఇందాక ఆ పని చేస్తున్నప్పుడు నా చేయి వణకలేదు, అది గమనించాను. ఎప్పుడూ వణకదు. పట్టుదారం సూదిలోకి ఎక్కించే ఇంట్లో పుట్టినదాన్ని.

గద్వాలలో మగ్గం దిగిన ప్రతి చీరనూ మా నాన్న మార్కండేయ మా ఇంటి గడపలో నిలబడి పొద్దుటి ఎండకు పట్టేవాడు. తన చూపు మందగించాక నన్ను పిలిచేవాడు. “పుష్పా, జర ఇటు రా బిడ్డ. నీ కండ్లు లేతయి.” నేను పమిట చెంగు నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ వచ్చేదాన్ని. మగ్గం నూనె చుక్క, నూలులో నల్లపీచు, అంచు కలిసేచోట వేలి చెమట. ఒక్క మచ్చ దొరికినా చీర పక్కకు పోయేది. ఆ మచ్చ ఎట్లా వచ్చిందో, ఎంత ఉందో, మా ఇంట్లో ఎవరూ అడగరు. ఉందా, లేదా, ఎన్ని. మూడు దొరికితే మూడు అని గట్టిగా చెప్పేదాన్ని, నేసిన అమ్మ ముఖం చూసేదాన్ని కాదు. ఆ వయసులో నాకదొక ఆట, గెలుస్తున్నాననే సంతోషం. అమ్మ మాత్రం ఆ చీరను మడిచి, కుంకుడు నురుగుతో ఆ చోటు ఒక్కటే సాయంత్రం దాకా రుద్దేది. నాన్న పోయిన తర్వాత కూడా నాకు ఏ గుడ్డ చూసినా ముందు మచ్చే కనబడుతుంది. పెళ్లిళ్లలో ఎదురుగా కూర్చున్నవాళ్ల చీరల మీద లెక్కపెడుతూ కూర్చుంటాను.

ఉద్యోగంలో చేరాక అదే నా గొప్ప అయింది. తెగులు పరీక్షలో ఆకు మీద మచ్చల్ని బట్టి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వేస్తారు. ఒకటంటే శుభ్రం, తొమ్మిదంటే పోయినట్టు. మిగతావాళ్లు ఒక సాలుకు పది నిమిషాలు తీసుకుంటే నేను రెండు నిమిషాల్లో వేసేదాన్ని. అప్పటి మా అధికారి అనంతయ్య సారు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించేవారు, ఆమె కన్ను పడితే తిరుగు లేదనేవారు. తొంభై మూడు సెప్టెంబరులో అరవై రకాలు వేశాం. నలభై ఏడో నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆకు నిండా చుక్కలు. ఆవగింజల్లో సగం ఉంటాయి, గోధుమరంగు, కిక్కిరిసి. ఏడు, అన్నాను. వెనక రిజిస్టర్ మోస్తున్న గుమస్తా ఏడు రాశాడు. సాలు చివర కలుపు తీస్తున్న కురుమూర్తి లేచి నిలబడ్డాడు. ఒక ఆకు తెంపి, వెనక్కి తిప్పి, బొటనవేలితో గట్టిగా రుద్ది, ఆ వేలు నాకు చూపించాడు.

“అమ్మా, గిది సూడుండ్రి. పొడి అంటలేదు.” తర్వాత పక్క సాలు ఆకు రుద్దాడు. వేలు ఇటుకపొడి పూసినట్టు అయింది. “దీనికి అంటుతుంది. దానికి అంటలేదు. వారం సంది సూస్తున్న, ఆ సుక్క పెరుగుత లేదు.”

నేను విన్నాను. విన్నాననే గుర్తు. వింటూనే నలభై ఎనిమిదో నంబరు చూస్తున్నాను. ఆ రోజు ఎండ తల మీద ఉంది, నా దగ్గర ఇంకా పదమూడు సాళ్లు ఉన్నాయి. సరే సరే అన్నాను. అంకె ఎక్కువైతే ఆ సాలు పీకి కాల్చాలని రూలు కాదు కానీ, తెగులు పక్కదానికి ఎక్కుతుందని ఐదు దాటినవన్నీ పీకించేవాళ్లం. వారం తిరక్కుండా నలభై ఏడును పీకి గట్టు మీద కుప్ప వేశారు. కాల్చే ముందు కురుమూర్తి ఆ కుప్పలోంచి రెండు పిడికిళ్ల కాయలు రుమాలులో కట్టుకున్నాడు. గేటు దగ్గర పట్టుబడ్డాడు. కాల్చేయబోయే కాయలు అవి, ఎవరికీ అక్కర్లేనివి, రుమాలును కూడా అతని చేతిలోనే వదిలేశారు. అనంతయ్య సారు నన్ను పిలిచి అడిగారు, ఇది పనికొచ్చే రకమేనా అని. పనికిరాదండీ, ఏడు, అన్నాను. పనికిరాకపోయినా క్షేత్రం విత్తనం క్షేత్రానిదే అని ఆయన కాగితం తీశారు. ఎందుకు తీసుకుపోతున్నావని అడిగితే కురుమూర్తి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. “పొడి అంటలేదు సారూ, మంచిగున్నదని ఇత్తనానికి వట్కపోతున్న.” కాగితంలో మాత్రం ‘కారణం చెప్పలేకపోయాడు’ అని వచ్చింది. నేను చదివాను. చదివి సాక్షి సంతకం పెట్టాను. కురుమూర్తి బొటనవేలికి సిరా పూసి ముద్ర తీసుకున్నారు. అదే వేలు. ఆ నీలం మూడు రోజులు పోదు, మూడు రోజులూ అతను గేటు బయట నిలబడి వచ్చేపోయేవాళ్లకు దండం పెట్టాడు, ఆ తర్వాత రాలేదు.

మూడు దాటి రెండు నిమిషాలు. డబ్బా మూత మీద చేయి పెట్టాను, వేడిగా ఏమీ లేదు. లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు, కనీసం కాగితాల్లో చదివినంత తెలుసు. ప్రతి కణం గోడ పక్కన పల్చని పొర ఉంటుంది, ఆ పొరలో ఒక ఎంజైము. మామూలుగా ఊరికే ఉంటుంది. తుప్పు తెగులు తెచ్చే బూజు వచ్చి తాకిందన్న కబురు అందగానే లేస్తుంది. కణం లోపలి నుంచి ఒక ఎలక్ట్రాను తీసి బయటి ఆక్సిజన్ చేతిలో పెడుతుంది. అంతే దాని పని, ఇంకేమీ చేయదు. మూడో గిన్నెలో కలిపిన మందు దీన్నే పనిచేయనివ్వదు. ఎలక్ట్రాను అందుకున్న ఆక్సిజన్‌కు మాత్రం నిలకడ ఉండదు, కనబడినదాన్నల్లా కాలుస్తుంది. అది పసుపు మందుకు తగిలితే మందు నీలమవుతుంది. ఆ ఆక్సిజన్‌లోంచే హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. ఆ పేరు మొదటిసారి కాలేజీలో విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు. గద్వాలలో మా మేనమామ నూలుకు రంగు వేసే ముందు తెల్లగా చేయడానికి ముంచేది అందులోనే. అతని వేళ్ల చివర్లు ఎప్పుడూ సున్నంలా పాలిపోయి ఉండేవి, ఆ చేత్తో బుగ్గ గిల్లితే అమ్మ తిట్టేది. మోకాలు చెక్కుకుపోయి దవాఖానకు పోతే కాంపౌండరు పోసేదీ అదే, పుండు మీద బుసబుసమని పొంగేది. మన రక్తంలో తెల్లకణాలు క్రిముల మీద పోసేదీ దాన్నే. రెండేళ్ల కింద ఎవరో వరిలో ఆ జన్యువును వెతికి పట్టుకుంటే, మన తెల్లకణాల్లో ఉన్నదానికి అది దగ్గరి చుట్టమని తేలింది. వేరుశనగ ఆకుకూ నాకూ ఒకే వస్తువు పుట్టుకతో వచ్చిందని చదివిన రోజు కాసేపు ఊరికే కూర్చున్నాను.

తుప్పు తెగులు బతికున్న కణాన్నే తింటుంది, చచ్చినదాన్ని ముట్టదు. మామూలు మొక్కకు కబురు ఆలస్యంగా అందుతుంది, అప్పటికి బూజు లోపల సంసారం పెట్టేసి ఉంటుంది. నలభై ఏడు లాంటిదానికి వెంటనే అందుతుంది. ఎంజైము లేస్తుంది, తాకిన కణాన్నీ దాని చుట్టూ నాలుగింటినీ మొక్క తానే చంపేస్తుంది. బూజుకు తిండి దొరకదు. పైనుంచి చూసేవాళ్లకు ఒక గోధుమరంగు చుక్క కనబడుతుంది. ఎన్నిసార్లు దాడి జరిగితే అన్ని చుక్కలు. నేను లెక్కపెట్టినవి మొక్క గెలిచిన చోట్లు, వాటన్నిటినీ కలిపి దాన్ని పీకించాను. నాన్న ఉంటే చెప్పాలనిపించేది. మనింటి కన్ను మంచిదే నాన్నా, ఆకు గుడ్డ కాదు, అంతే తేడా. నాన్నకు అర్థమయ్యేదో లేదో తెలియదు. మచ్చ మచ్చే కదా బిడ్డా అనేవాడేమో.

వరండాలో కురుమూర్తి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. క్లర్కు గొంతు. “నాలుగింటికి పోతున్న కురుమూర్తీ. ఏదన్న ఉంటె గంతలోపే.” కురుమూర్తి ఏమన్నాడో వినబడలేదు. అతని ఊళ్లో ఇత్తుల దొంగ అంటారట, పిల్లలు కూడా. ఆ మాట అతను చెప్పలేదు. అతను కౌలుకు చేసే చెల్క భూమి ఖతీజాబీది, గమేళా తెచ్చిన రోజు ఆమె అతని వెంట వచ్చి చెప్పింది. ముసలావిడ, గేటు దగ్గరే ఆగి నన్ను బయటికి పిలిపించుకుంది. “ఏమ్మా, మా చేన్ల చుట్టూత అందరి పల్లి ఆకు రాలిపాయె. ఈనది కోతదాంక పచ్చగ ఉంటది. ఐదేండ్ల సంది అంతే. దొంగ సొమ్మయితె గట్ల కాస్తదా?” శాస్త్రం ప్రకారం ఆ ప్రశ్నకు అర్థం లేదు. నేను నవ్వాను, ఆమె నవ్వలేదు. గమేళా ఎత్తుకుని నా దగ్గరికి పొమ్మని కురుమూర్తిని తరిమింది ఆమేనట.

మూడూ పద్దెనిమిది. ఒకవేళ నీలం రాకపోతే అనుకున్నాను. మందు పాతదై ఉండొచ్చు, టిఫిన్ డబ్బాలో మంచు దారిలోనే కరిగింది. సిరంజితో సరిగ్గా ఎక్కకపోవచ్చు. మొన్న పూసిన పొడి సమయానికి మొలకెత్తకపోవచ్చు. ఆలస్యమైతే ఆ ఎంజైము పని ముగించుకుని పడుకుంటుంది, మచ్చ ఉంటుంది, నీలం రాదు. ఎన్ని దారులో. ఒక్కొక్కటీ వేలు మడిచి లెక్కపెడుతున్నాను. నాలుగో వేలి దగ్గర అర్థమైంది, నేను భయపడి లెక్కపెట్టడం లేదు. నీలం రాకూడదని కోరుకుంటున్నాను. రాకపోతే, పాపం కురుమూర్తీ, రుజువు దొరకలేదు అనొచ్చు. నా మొదటి పరిశోధన పత్రంలో నలభై ఏడు ఎదురుగా అచ్చయిన ఏడు అట్లాగే ఉంటుంది. సిగ్గు వేసింది. ఎవరూ చూడకుండా కూడా చెవులు వేడెక్కుతాయని ఇప్పుడే తెలిసింది.

రుజువు నాకెప్పుడో దొరికింది. ఆ ఏడాది నవంబరులో పత్రం కోసం ఫొటోలు తీస్తూ, బీరువాలో పాత దినపత్రికల మధ్య నొక్కిపెట్టిన నలభై ఏడు ఆకు తీశాను. భూతద్దం కింద పెట్టాను. పైన చుక్కలు ఉన్నాయి. తిప్పాను. వెనక ఒక్క పొక్కు లేదు. బూజు పొడి ఎక్కడా లేదు. పొక్కు లేకుండా తుప్పు ఉండదు, అది మొదటి సంవత్సరం విద్యార్థికి కూడా తెలుసు. ఆ ఆకును బొటనవేలితో రుద్దాను కూడా. వేలు చూసుకున్నాను. తర్వాత దాన్ని మళ్లీ పత్రికల మధ్య పెట్టి, ఫొటో వేరే ఆకుకు తీశాను. కురుమూర్తి పని వదిలి వెళ్లిపోయి అప్పటికి రెండు నెలలు. ఎవరికైనా చెప్పాలని అనిపించలేదా అంటే, అనిపించింది, రోజూ అనిపించింది, చివరికి అనిపించడం కూడా ఒక అలవాటైంది. హైదరాబాదు స్నేహితురాలిని పరిశోధన పత్రాల జిరాక్సులు ఈ ఎంజైము మీదివే అడిగేదాన్ని. దేశంలో వేరుశనగ మీద పనిచేసేవాళ్లెవరూ దీని జోలికి పోవడం లేదు, నువ్వెందుకు పట్టుకున్నావే అనేది. ఆసక్తి అనేదాన్ని. ఈ గంట కూడా అట్లాంటిదే. నీలం కోసం కాదు, ఇంకొక్క గంట కోసం అడిగాను.

మూడూ ఇరవై నాలుగు. సొరుగులోంచి తెల్లకాగితం తీసి రాశాను. నలభై ఏడో నంబరుకు ఏడు వేసింది నేను, అది పొరపాటు. అది తెగులును తట్టుకునే రకం. ఈ సంగతి కురుమూర్తి ఆ రోజే పొలంలో చెప్పాడు, నేను పట్టించుకోలేదు. కాయలు ఎందుకు తీసుకుపోతున్నాడో అధికారి ముందు స్పష్టంగా చెప్పాడు, కాగితంలో అది రాయలేదని తెలిసీ నేను సంతకం చేశాను. అతని మీది వ్యాఖ్య తొలగించవలసింది. అంతే, అర పేజీ కూడా రాలేదు. కిటికీలోంచి పిలిచాను. కురుమూర్తి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చి డబ్బా వైపు చూశాడు.

“రంగొచ్చిందా అమ్మా?”

“ఇంక సూడలే. ముందు ఇది విను.”

చదివి వినిపించాను. చేతులు కట్టుకుని విన్నాడు. తాను చెప్పిన మాట కాగితంలో వచ్చినప్పుడు ఒకసారి తల ఎత్తాడు. అయిపోయాక దండం పెడతాడనుకున్నాను, పెడితే ఏం చేయాలో తోచక పెన్ను మూత వెతికాను. అతను దండం పెట్టలేదు.

“ఈ సంగతి మీకెప్పుడు తెల్సిందమ్మా?”

ఈరోజే అనొచ్చు. డబ్బా పక్కనే ఉంది, దాన్ని చూపిస్తే చాలు. అతనికి ఎంజైములు తెలియవు, తేదీలు తెలియవు. అతని ముఖంలో కోపం వెతికాను, కనబడలేదు. అడిగాడు, అంతే. ఆకు తిప్పి వెనక ఏముందో చూసినట్టు చూస్తున్నాడు.

“ఆ ఏడే,” అన్నాను. “నువ్వు పోయినంక రెండు నెలలకు.”

“అయిదేండ్లాయె.”

“అయింది.”

బయట క్లర్కు సైకిలు తాళం తీస్తున్న చప్పుడు.

“గది గూడ రాయుండ్రి.”

కాగితం ముందుకు లాక్కున్నాను. అది రాస్తే పొరపాటు అన్న మాట చెల్లదు, విచారణ పడుతుంది, అది నాకు తెలుసు. పొరపాటుకు మందలింపు ఉంటుంది, దాచినదానికి వేరే ఉంటుంది. పెన్ను కాస్త సిరా కక్కింది. ‘ఈ విషయం నాకు 1993 నవంబరులోనే తెలుసు’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాను. కురుమూర్తి అది చదవలేడు. అయినా ఆ చివరి వరుస తడి ఆరేదాకా కాగితాన్ని ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. ఆరాక మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“డబ్బల సూడరా?” అన్నాడు గడప దగ్గర.

“నువ్వు గూడ సూస్తవా?”

“నాకెందుకమ్మా. నేను అప్పుడే సూసిన.” చెప్పులు తొడుక్కుని క్లర్కు వెనక పరుగులాంటి నడకతో పోయాడు. బస్టాండు దాకా కూడా పోయినట్టున్నాడు, బస్సు కదిలిన చప్పుడు వినబడ్డాక కూడా వెనక్కి రాలేదు.

డబ్బా మూత నాలుగూ పదికి తీశాను, ముప్పై ఐదు నిమిషాలు ఆలస్యం. స్పిరిటులో పెట్టి పచ్చదనం పోగొట్టాలంటే నీళ్లు కాగాలి, కరెంటు లేదు, పచ్చటి ఆకు మీదే చూశాను. మొదటి దాని మీద నీలం ఉంది. చుక్క చుక్కకూ ఉంది. మిగతా రెండింటి మీద లేదు. ఎన్ని చుక్కలో లెక్కపెట్టబోయి మానేశాను. వరండాలోకి పోయాను, గమేళా అక్కడే వదిలేసి పోయాడు. వంగి ఒక ఆకు తిప్పి, వెనక బొటనవేలితో గట్టిగా రుద్ది, వేలు వెలుతురుకు పట్టి చూసుకున్నాను. దాని మీద పెన్ను సిరా ఒక్కటే ఉంది.